బావ తెచ్చే కొత్త సిస్టం

మా బావ జేబులో సీడీ మెరిసిన సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల చివర్లో కొత్తకోటలో మా ఇంట్లో ఒక కంప్యూటర్ ఉండేది. బాపు దాన్ని హైదరాబాదులో సెకండ్‌హ్యాండ్‌లో కొని, లారీలో ఉల్లిగడ్డ బస్తాల మధ్య పెట్టించి తెచ్చాడు. దాని మీద నేను బడులకు పరీక్ష పేపర్లు టైపు చేసి ఇచ్చేదాన్ని. డిగ్రీ అయిన పిల్లను ఇంట్లో ఎందుకు కూర్చోబెట్టావని అడిగినవాళ్లకు బాపు ఆ కంప్యూటర్‌నే చూపించేవాడు. నాతో మాత్రం, "గీ పని నడిచినన్ని దినాలు నీ పెండ్లి ముచ్చట ఎత్తను. పని బందయితే మిషన్ అమ్ముత, సంబంధం చూస్త" అన్నాడు. ఆయన మాటంటే మాటే.

సరిగ్గా ఆ మిషన్ మీదే మా అక్క మొగుడి కన్ను పడింది.

బావ హైదరాబాదులో ఏదో ఆఫీసులో పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా కొత్త ఆపరేటింగ్ సిస్టం సీడీ ఒకటి ఎవరి దగ్గరో కాపీ చేయించి తెచ్చేవాడు. అల్లుడొస్తే కాళ్లకు నీళ్లిచ్చి, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ వేయడం మా మర్యాద. ఆ కుర్చీ కంప్యూటర్ ముందే ఉండేది. ఇంకేం కావాలి?

"మరదలా, జర లే. గీ పాతది ఇంకెన్ని దినాలు వాడుతవ్?" అనేవాడు.

దసరాకు వచ్చి కొత్తది ఎక్కిస్తే సగంలో ఆగిపోయి తెలుగు అక్షరాలు మాయమయ్యాయి. మరోసారి ప్రింటర్ పలకలేదు. మహబూబ్‌నగర్ నుంచి మెకానిక్‌ను పిలిపించి పాత సిస్టం మళ్లీ వేయించుకోవడం నా వంతు. "మీ మిషన్లనే ఏదో ఉన్నది" అని చేతులు దులుపుకోవడం ఆయన వంతు. నేను నోరు తెరిస్తే అమ్మ కళ్లతోనే ఆపేది. అల్లుణ్ని ఎదిరిస్తే అక్క కాపురానికి ఏమవుతుందోనని ఆమె భయం. ఆ భయం మీద కూడా నాకు కోపమే.

ఆ తర్వాత వార్షిక పరీక్షల ముందు వచ్చాడు. పేపర్లన్నీ టైపు చేసేశాను, ప్రింటు తీయడమే మిగిలింది. పొద్దుటి నుంచి లేని కరెంటు అప్పుడే వచ్చింది. బావ వెంటనే సీడీ పెట్టాడు.

"బావా, జర ఆగు. మోటర్లన్నీ ఒక్కపారే ఎత్తుకుంటయ్, కరెంటు నిలువది" అన్నాను. మా దగ్గర బోరు మోటర్లకన్నిటికీ ఆటో స్టార్టర్లే. కరెంటు రాగానే అన్నీ కలిసి లాగి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు కొట్టేసేవి.

"అల్లుని మాటకు అడ్డమొస్తవేందే!" అని అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. కోడికూరకు మసాలా నూరుతుండగానే ఫ్యాను ఆగిపోయింది.

మళ్లీ కరెంటు వచ్చేసరికి తెర నల్లగా ఉంది. పాతది చెరిపేశాడు, కొత్తది ఎక్కలేదు, నా పేపర్లు పోయాయి. ఆయన మాత్రం కూర బాగుందని మారు వడ్డించుకున్నాడు. ఆ గిన్నె ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది.

మెకానిక్ వచ్చేలోగా గడువు దాటింది. బడి పెద్దసారు పని వనపర్తిలో ఒక టైపింగ్ షాపుకు ఇచ్చేశాడు. మిషన్ కొనేవాళ్లను చూస్తానన్నాడు బాపు.

"పని పోగొట్టింది నీ అల్లుడు! గాయిన్ను అడుగు!" అని బాపు ముఖం మీదే అరిచాను. ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. కొనేవాళ్లను మాత్రం తీసుకురాలేదు.

బడులు తెరిచాక ఇంకో బడి నాకు యూనిట్ టెస్టు పేపర్లు ఇచ్చింది. అవి టైపు చేస్తుండగా బావ వచ్చాడు. జేబులో సీడీ.

"మరదలా, లే జర."

నేను లేవలేదు. అమ్మ గుడ్లురిమింది. అయినా టైపు ఆపలేదు.

బాపు వాకిట్లోంచి నులక మంచం ఈడ్చుకొచ్చి కంప్యూటర్‌కు దూరంగా, గోడ పక్కన వేశాడు.

"అల్లుడా, మీరు గీడ కూసోండ్రి. బిడ్డ పని చేస్తాంది."