ఆ రోజు ఫోటోలు తీసింది రోహిణే

దెయ్యాల సంగతులు చెప్పేవాళ్ళని చూస్తే కొందరికి నవ్వొస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది. మద్దిలపాలెంలో ఒక స్కానింగ్ సెంటర్‌లో పదకొండేళ్ళుగా రిసెప్షన్‌లో కూర్చుంటున్నాను. రోజూ మనుషుల లోపలి ఫోటోలు కవర్లో పెట్టి, పైన పేరు రాసి, చేతికిస్తాను. ఫిల్ములో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఎవరు ఏడ్చినా, ఎవరు మొక్కుకున్నా అది మారదు. ఇలాంటి ఉద్యోగం చేసే నేను ఇది రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆయనకి పోర్టులో పని. మరిది రమణ అచ్యుతాపురంలో ఒక కంపెనీలో చేసేవాడు. రెండేళ్ళ కిందట అక్కడ జరిగిన ప్రమాదంలో పోయాడు. అప్పట్లో మా ఇద్దరితో పాటు అతని భార్య రోహిణి, కూతురు లాస్య, మా అత్తగారు అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మాకు పిల్లలు లేరు. రమణ పోయాక లాస్య నా పక్కలోనే పడుకునేది. జడ నేనే వేసేదాన్ని, బడికి నేనే దింపేదాన్ని. రోహిణి వంటింట్లో ఉండేది. అది ఎవరూ చెప్పి చేసిన ఏర్పాటు కాదు, అలా జరిగిపోయింది. జరిగిపోయినందుకు నాకు లోపల్లోపల బాగానే ఉండేది. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

రమణ గురించి ఒక మాట. ఇంట్లో ఏ శుభకార్యమైనా ఫోటోలు అతనే తీసేవాడు. ఎడమచేతి వాటం. ఫోన్ అడ్డంగా పట్టుకుంటే పై మూల అతని వేలు పడేది. "నీ వేలు లేకుండా ఒక్క ఫోటో అయినా తీస్తావా?" అని ఏడిపించేదాన్ని. "ఏలు నా సంతకం వదినా" అనేవాడు. ఎప్పుడూ తీసేవాడే తప్ప అతన్ని తీసినవాళ్ళు లేరు. పోయాక దండ వెయ్యడానికి ఫోటో కోసం ఇల్లంతా వెతికాం. చివరికి కంపెనీ ఐడీ కార్డు మీద ఉన్న బొమ్మనే పెద్దది చేయించాం. అందుకే గోడ మీద ఇప్పటికీ మసకగా ఉంటాడు.

ఏడాది తిరిగి, సంవత్సరీకం అయిన నెలకి లాస్య పుట్టినరోజు వచ్చింది. ఆరు వెళ్ళి ఏడు. ఏడాదిగా ఇంట్లో పండగ లేదు, పబ్బం లేదు. పిల్లని ఎక్కడికైనా తీసుకెళ్దామని నేనే అన్నాను. బీచ్ రోడ్డు దగ్గర ఒక బిల్డింగ్ రెండో అంతస్తులో సెల్ఫీ మ్యూజియం పెట్టారని మా సెంటర్లో అమ్మాయిలు చెప్పారు. లోపల గదికో సెట్టింగు ఉంటుంది. గోడకి వేసిన రెక్కల ముందు నిలబడితే మనకే రెక్కలున్నట్టు, సామాన్లన్నీ కప్పుకి బిగించిన గదిలో ఫోటో తీసి తిప్పితే మనం తలకిందులుగా వేలాడుతున్నట్టు, అలాంటివి. ఆదివారం పొద్దున పదకొండు గంటలకి వెళ్ళాం. ఒక గంట టైము ఇచ్చారు.

నేను కొత్త చీర కట్టుకున్నాను. రోహిణి పాత నీలం చీర కట్టుకుంది. నాది మంచి ఫోన్, దాని ఫోన్ కెమెరా పగిలిపోయి చాలా కాలం అయింది. లోపలికి వెళ్తూనే నా ఫోన్ దాని చేతిలో పెట్టాను.

కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి ఉంది. "నాను తీత్తాను మేడమ్, అందరూ పడతారు కదా" అంది.

"అక్కర్లేదమ్మా, మా మనిషి ఉంది" అన్నాను.

మా మనిషి. పనిమనిషిని అన్నట్టే అన్నాను.

మొదట రెక్కల గోడ. లాస్య, నేను, మా ఆయన, అత్తగారు నిలబడ్డాం. రోహిణి ఆరేడు తీసింది. నేను ఫోన్ తీసుకుని చూశాను. బాగున్నాయి. మేం నలుగురం ఉన్నాం, వేలు గీలు ఏమీ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత చందమామ ఉయ్యాల. నెలవంక ఆకారంలో చెక్క, దాని నిండా బంగారు రంగు మెరుపు పొడి. ఇద్దరు కూర్చోవచ్చు. లాస్య ఎక్కి కూర్చుని, పక్కన చెయ్యి వేసి తట్టి, "అమ్మా, రాయే" అంది.

రోహిణి ఒక అడుగు వేసింది కూడా.

ఇక్కడ అత్తగారి మీదకి తోసెయ్యడం నాకు తేలిక. పుట్టినరోజు పూట, మొగుడు పోయి ఏడాది దాటగానే రోహిణి నవ్వుతూ ఫోటోల్లో కనబడితే బంధువులు ఏమనుకుంటారో అని ఆవిడ బెంగపడే ఉంటుంది. కానీ ఆవిడ నోరు విప్పలేదు. అన్నది నేను. "అమ్మొస్తే ఫోటోలు ఎవరు తీస్తారే?" అన్నాను, నవ్వుతూనే. కౌంటర్ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది. రోహిణి ఆ అమ్మాయి వైపు చూసింది, నా వైపు చూసింది, వెనక్కి వెళ్ళిపోయింది. నేను వెళ్ళి లాస్య పక్కన కూర్చున్నాను. చల్లగా, కాస్త గరుగ్గా తగిలింది ఆ చెక్క. నాకు బాగా గుర్తు.

ఆ తర్వాత రంగు బంతుల తొట్టి, విమానం కిటికీ సీటు, తలకిందుల గది. అన్నిచోట్లా రోహిణి ఎదురుగా నిలబడి తీస్తూనే ఉంది. టైము అయిపోతోందని హడావిడిలో మళ్ళీ ఫోన్ చూడలేదు. బయటికొచ్చాక నా చేతికిచ్చింది, బ్యాగులో వేసుకున్నాను. హోటల్లో భోజనం చేసి, ఆటోలో ఇంటికొచ్చేసరికి మూడయింది.

టీ తాగుతూ హాల్లో అత్తగారికి చూపిద్దామని ఫోన్ తీశాను. రోహిణి లాస్యని తీసుకుని మేడ మీదకి బట్టలు తియ్యడానికి వెళ్ళింది.

రెక్కల గోడ ఫోటోలు పొద్దున చూసినట్టే ఉన్నాయి. తర్వాతిది చందమామ. ఉయ్యాల మీద లాస్య, లాస్య పక్కన రోహిణి.

ముందు నాకు ఏమీ అనిపించలేదు. నేను చూడనప్పుడు ఎవరో తీశారు కాబోలు అనుకున్నాను. తర్వాతి ఫోటో చూశాను, ఆ తర్వాతిది చూశాను. అన్నిటిలోనూ రోహిణి ఉంది. బంతుల తొట్టిలో కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది. విమానం సీట్లో కూతురి భుజం మీద తల పెట్టుకుని ఉంది. తలకిందుల గదిలో ఇద్దరూ చేతులు పట్టుకుని ఉన్నారు. అదే నీలం చీర, అదే ముడి. నవ్వుతోంది. ఏడాదిలో దాని పళ్ళు చూసింది ఆ ఫోటోల్లోనే.

మేమూ ఉన్నాం. ఉయ్యాల ఫోటోలో నేను పక్కన నిలబడి ఉన్నాను, సగానికి తెగిపోయి, భుజానికి హ్యాండ్‌బ్యాగు. మా ఆయన చెయ్యి ఒకటి ఉంది. అత్తగారు కుర్చీలో కూర్చున్నట్టున్నారు, కాళ్ళే మోకాళ్ళ వరకు పడ్డాయి. మొత్తం నలభై పైన ఫోటోలు. టైము చూశాను, పదకొండుంబావు నుంచి పన్నెండు లోపు. అన్నిటికీ ఎడమవైపు పై మూల ఎర్రగా, మసకగా ఒక మరక. వేలు అడ్డం పడితే ఎలా ఉంటుందో అలా. వెలుతురు పడినా అలా రావచ్చు, కాదనను. నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

మా ఆయన తీసుకుని చూశారు. "ఫోన్‌లో ఏదో తేడా" అన్నారు. ఫోన్ తేడా అయితే మనుషులు చోట్లు మారతారా అని అడిగితే టీవీ సౌండ్ పెంచుకున్నారు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూశారు. ఆఖరికి ఆ మూల మీద వేలు పెట్టారు.

"ఇది నా కొడుకు ఏలు. నాకు తెల్దేటి?" అన్నారు.

ఆవిడ ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. ముఖం గట్టిపడిపోయింది. "సచ్చిపోయి కూడా పెళ్ళాం పొటోలే తీసుకున్నాడు. కన్నతల్లిని మోకాళ్ళ కాడికి కోసీసినాడు. పోన్లోంచి తీసీ, అమ్మీ. అన్నీ తీసీ. దానికి సూపించకు" అన్నారు.

తీసేశాను. తీసేసినా నెల రోజులు ఫోన్‌లో వేరే చోట ఉంటాయి కదా, అక్కడికీ వెళ్ళి ఖాళీ చేశాను. కాపీ ఇంకెక్కడా లేదు. మేడ మెట్ల మీద లాస్య నవ్వు వినపడేసరికి ఆ పని అయిపోయింది.

భయంతో చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. భయం లేకపోలేదు. కానీ రెక్కల ఫోటోల్ని ఉంచాను. అందులో లాస్య నా చెయ్యి పట్టుకుని ఉంది. భయపడ్డ మనిషి అలా ఏరుకుంటుందా?

మర్నాడు పొద్దున రోహిణి బట్టలు ఉతుకుతూ పిలిచింది. "అక్కా, ఇటు సూడు. నా సీరకి ఈ మెరుపులేటి? నాను ఎక్కడా కూకోనేదు కదా."

నీలం చీర వెనకవైపు, కూర్చున్నచోట, బంగారు పొడి అట్టకట్టి ఉంది. పిల్లని ఎత్తుకున్నప్పుడు అంటుకుని ఉంటుందని అన్నాను. లోపలికి వెళ్ళి నా కొత్త చీర తీసి, కిటికీ దగ్గర మడత మడత తిప్పి చూశాను. ఒక్క రవ్వ లేదు. నేను ఆ చెక్క మీద కూర్చున్నాను. నా పక్కన పిల్ల ఒంటి వేడి కూడా నాకు గుర్తుంది. చీర మాత్రం షాపులోంచి తెచ్చినట్టు ఉంది.

ఆ సాయంత్రం రోహిణి అడిగింది. "పొటోలు ఒకసారి సూపిత్తావేటక్కా? లాస్య గుంట ఒకటే గొడవ సేత్తంది."

"ఫోన్ హ్యాంగ్ అయి పోయాయే. మొదటివి ఆరేడే మిగిలాయి" అన్నాను.

"నాను తీసినవి కదా, సరిగ్గా నొక్కి ఉండను" అంది. దాని తప్పు కింద తీసుకుంది. నేను కాదనలేదు.

రెండు వారాలకి ఆ మ్యూజియానికి ఒక్కదాన్నే వెళ్ళాను. సీసీ కెమెరా రికార్డింగు వారం మించి ఉండదన్నారు. అదే అమ్మాయి ఉంది, గుర్తుపట్టింది. ఆ రోజు మాకు ఫోటోలు ఎవరు తీశారని అడిగాను. నన్ను వింతగా చూసింది.

"మీరే కదా మేడమ్ నన్నొద్దన్నారు? ఆ నీలం సీర ఆంటీయే అన్నీ తీసారు. నాను ఆ గుమ్మంలోనే ఉన్నాను. ఆవిడ ఒక్కపాలి కూడా కూకోనేదు, నాకే జాలేసింది" అంది.

అంటే ఆ గదుల్లో ఉన్న అందరూ చూసింది ఒకటి. ఫోన్‌లో ఉన్నది ఒకటి. చీరలు సాక్ష్యం చెబుతున్నది ఫోన్ వైపే. నా ఉద్యోగంలో అయితే ఫిల్మునే నమ్ముతాను.

నాలుగు నెలలకి రోహిణి అచ్యుతాపురంలో బట్టల కంపెనీలో పనికి కుదిరింది. లాస్యని మా దగ్గర వదిలి వెళ్ళమని నేను అడిగాను, మా ఆయనతో అడిగించాను, అత్తగారితో తిట్టించాను. "నా పిల్ల నాతోనే ఉంటదక్కా" అని ఒక్క మాట అంది. గొంతు పెంచలేదు. రెండు సంచులు, ఒక పరుపుచుట్ట, గోడ మీద మసక ఫోటో తీసుకుని ఆటో ఎక్కింది. ఆ ఫోటో తనదని అడిగి తీసుకుంది. అత్తగారు కూడా అడ్డం చెప్పలేకపోయారు.

మొన్న లాస్య పుట్టినరోజుకి నేను ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. ఒకటే గది. గోడకి రమణ ఫోటో, దాని పక్కన మేకు కొట్టి ఉంది, ఖాళీగా. ఆ మేకేమిటని అడిగితే, "మాయిద్దరి పొటో ఒకటి పెడదామని కొట్టినాను. ఇంకా తీయించనేదు" అంది రోహిణి. కేకు కోశాక లాస్య తల్లి ఒళ్ళో కూర్చుని, ఫోన్ నాకు అందించింది. రోహిణి కొత్త ఫోన్ కొనుక్కుంది.

"నువ్వు తియ్యి పెద్దమ్మా" అంది లాస్య.

"అవునక్కా, నువ్వే తియ్యి" అంది రోహిణి. "నాను తీసినవి నిలవ్వు కదా."

చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. నలభై పైగా ఉండేవనీ, ప్రతిదాంట్లో నువ్వు నవ్వుతున్నావనీ, నీ మొగుడు నిన్ను కాక ఎవర్నీ చూడలేదనీ. చెప్పలేదు. ఫోన్ అడ్డంగా పట్టుకుని తీశాను. మొదటిది మసకగా వచ్చింది, రెండోది కుదిరింది. పెద్దది చేసి నాలుగు మూలలూ చూశాను. ఎవరి వేలూ లేదు. తల్లీ కూతురూ ఉన్నారు, అంతే.

"బాగొచ్చిందేటి?" అని అడిగింది రోహిణి. వచ్చిందన్నాను.

ఆ ఆదివారం నా ఫోన్‌లో ఆ ఫోటోలు ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళెవరైనా చెబితే వింటాను. అవి ఎలా పోయాయో మాత్రం నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండునని, బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ అనుకున్నాను.