ఇవ్వడమే పనిగా ఆడినవాడు

పోయిన నెల ఒక పొద్దున, పామాయిల్ గెలల ట్రాక్టరు కాంటా మీదికి ఎక్కుతుండగా నా ఫోను మోగింది. అవతల పంజాబు మనిషి, మా బావమరిదితో కలిసి ఏళ్ల తరబడి బాస్కెట్‌బాల్ ఆడిన పొడుగాయన. మావాడు నన్ను ఫోనులో "బావా" అని పిలవడం విని, అదే నా పేరనుకున్నాడాయన. తర్వాత తెలిసినా మార్చుకోలేదు. ఆ రోజు కూడా "బావా" అన్నాడు.  తర్వాత, "ఓ చలా గయా, బావా" అన్నాడు.

పోయింది మా బావమరిది. హైదరాబాదులో పిల్లలకు ఆట నేర్పుతూ మైదానంలోనే పడిపోయాడట. దవాఖానాకు చేరేలోపే ప్రాణం పోయిందట. నలభై నిండలేదు.

"అన్నా, తూకం జెప్పు, ఎండ పడుతుంది" అని ట్రాక్టరు డ్రైవరు కేకలేస్తున్నాడు. తూకం చెప్పాను. అది రాసి, గది తాళం పక్కనున్నతనికి ఇచ్చి, దమ్మపేట నుంచి పెనుబల్లికి బండి మీద బయల్దేరాను. దారంతా నాకు ఒకటే ఆలోచన. అత్తమ్మకు ఏ మాటతో మొదలుపెట్టాలి?

నేను పెద్దగా చదువుకోలేదు. పామాయిల్ గెలల కాంటా దగ్గర రోజువారీ లెక్కలు రాస్తాను. పోయినవాళ్ల గురించి రాయడం నాకు అలవాటు లేదు. కానీ మావాడు ఏం ఆడేవాడో మా వైపు చాలామందికి తెలియదు. తెలియకుండా పోవడం నాకు ఇష్టం లేదు.

కాలం చేసిన మా మామ వడ్లు కొలిచే మనిషి. కాంటాలు రాకముందు కళ్లాల్లో కుంచంతో కొలిచేవాడు. మా వైపు కొలతలో మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం, లాభం, లాభం" అని ఆ కుంచం నిండి ఒలికేదాకా అంటూనే ఉంటారు. తర్వాతదానికి "రెండు, రెండు". అట్లా అంటూ ఉంటే మధ్యలో ఎవరు పలకరించినా లెక్క తప్పదు. మామ కొలుస్తూనే వచ్చేపోయేవాళ్లను తలెత్తి చూసేవాడు. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయేది. కొడుకు ఆ వడ్ల కుప్ప పక్కన కూర్చుని పెరిగాడు.

గురుకులంలో చేరినప్పుడు పొట్టివాడివి, కబడ్డీకి పో అన్నారట. వీడు బాస్కెట్‌బాల్ కోర్టు వదల్లేదు. బంతిని నేలకు కొడుతూ, దానివైపు చూడకుండా, నోటితో "లాభం, లాభం" అనుకుంటూ తిరిగేవాడట. అక్కడినుంచి జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, ఆట కోటాలో ఒక ఉద్యోగం. తర్వాత ఆ ఉద్యోగం వదిలి, కాంట్రాక్టు మీద చెన్నైలో, బెంగళూరులో డబ్బుకు ఆడే జట్లలో చేరాడు. ఉద్యోగం వదిలినందుకు మా ఆవిడ తమ్ముడితో చాలా రోజులు మాట్లాడలేదు.

వాడు ఆడే స్థానాన్ని గార్డు అంటారు. బంతిని అవతలి కొసకు తీసుకుపోయి, ఎవరికి అందితే బుట్టలో పడుతుందో వాళ్లకు అందించేవాడు. ఏ పద్ధతిలో ఆడాలో అంకె చెప్పి అరిచేవాడూ అతనే. మొదటి పద్ధతికి అందరూ ఒకటి అంటే, మావాడు "లాభం" అనేవాడు. జట్టంతా అదే పట్టుకున్నారు. "మా నాయిన కొలత చెన్నై దాకా పోయింది బావా" అని నవ్వేవాడు.

ఒకసారి అడిగాను, అంత గందరగోళంలో ఎవరెక్కడున్నారో ఎట్లా కనపడుతుందని. "ఉన్నకాడికిస్తే లేటయితది బావా. ఆడు ఏడికొస్తడో ఆడికియ్యాలె" అన్నాడు. ఇంటికొస్తే అన్నం దగ్గర కూడా అంతే. మనం అడగకముందే నీళ్ల గ్లాసు ముందుండేది. మా ఆవిడ పెళ్లి మాటెత్తితే మాత్రం "సీజన్ అయిపోనీ అక్కా" అనేవాడు. సీజన్లు అయిపోతూనే ఉండేవి.

వాడికి ఒక్కటే వెలితి. అంత దూరాల్లో ఆడిన ఆట ఇంటివాళ్లెవరూ చూడలేదు. మరీ ముఖ్యంగా వాళ్లమ్మ. ఫోనులో చూపిద్దామంటే మా దగ్గర వీడియో ఆడేంత సిగ్నల్ ఉండదు. అందుకే వాడి జట్టు ఖమ్మంలో ఒక మ్యాచ్ ఆడటానికి వస్తున్నదని తెలిసినప్పుడు ఫోనులో వాడి గొంతు నాకు కొత్తగా వినపడింది. "అమ్మను తోల్కరా బావా. ఎట్లనన్న తోల్కరా."

జీపు కిరాయికి మాట్లాడి అందరం పోయాం. అత్తమ్మ కొంగున పల్లీలు కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

"మనోడేడి?"

"అందర్ల పొట్టోడు, గాడే" అంది మా ఆవిడ.

"ఏందే, వీళ్లు నా కొడుక్కి తిండి పెడతలేరా?"

ఆట మొదలైంది. మావాడు బంతి తెస్తాడు, ఎటో చూస్తాడు, ఇంకెటో అందిస్తాడు. పంజాబు ఆయన బుట్టలో వేస్తాడు. జనం చప్పట్లు కొడతారు. మళ్లీ అదే. అత్తమ్మకు ఓపిక పోయింది.

"గిదేంది! గంత దూరం కష్టపడి తెచ్చుకుంటడు, తెచ్చుకొని పక్కోని చేతుల పెడతడు. వీనికి ఏసుడు రాదా?"

వెనక కూర్చున్న కుర్రాడు అందుకున్నాడు. "అమ్మా, ఆయన పనే గది. ఆయన ఇయ్యకపోతే ఆళ్లు ఏయలేరు."

"నువ్వూకో అయ్యా. నా కొడుకు సంగతి నాకు తెల్వదా? చిన్నప్పుడు చేతుల అప్పచ్చి గూడ గిట్లనే పంచేటోడు."

ఆట ముగుస్తుందనగా మావాడు బుట్ట కిందికి వచ్చేశాడు. ముందు ఎవరూ లేరు. అత్తమ్మ లేచి నిలబడింది. "ఎయ్యిరా!" అని అరిచింది. వాడు ఎగిరాడు. గాల్లో ఉండగానే బంతి పక్కకు పోయింది, పంజాబు ఆయన చేతుల్లోకి. అత్తమ్మ కూలబడింది.

బయట బస్సు దగ్గర తల్లి కొడుకును నిలదీసింది. "గింత దూరమొస్తే ఒక్కటన్న ఎయ్యకపోతివి. ఎప్పుడేస్తవ్ రా?"

"ఈసారి ఏస్తనే అమ్మా. నీ కోసం ఏస్త."

"అవ్, ఏస్తవ్" అని పల్లీలు వాడి జేబులో పోసింది. వాడు అక్కడికక్కడే అందరికీ పంచాడు.

జీపు దాకా నాతో నడిచొచ్చాడు. "అమ్మ అరిచింది ఇనపడింది బావా. ఏద్దామనే ఎగిరిన. చెయ్యి దానంతటదే ఆనికి ఇచ్చేసింది" అని, నవ్వబోయి తల పక్కకు తిప్పుకున్నాడు.

మరుసటి సీజన్‌లో మోకాలు పోయింది. కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. "రేపటి సంది నేను ఖాళీ బావా" అని ఫోనులో చెప్పాడు. ఆ తర్వాత హైదరాబాదులో పిల్లలకు నేర్పడానికి కుదురుకున్నాడు. తల్లి "మళ్ల ఎప్పుడు ఆడుతవ్ ఖమ్మంల?" అని అడిగినప్పుడల్లా "చూద్దామమ్మా" అనేవాడు. ఆట అయిపోయిందని ఆమెకు చెప్పలేకపోయాడు. మేమూ చెప్పలేదు.

ఫోను వచ్చిన ఆ పొద్దున చెప్పాల్సింది అంతకంటే పెద్ద మాట. చెప్పాను. ఆమె ఏడవలేదు. "ఇంక ఎప్పుడేస్తడు?" అంది. 

మర్నాడు ఉదయానికి వాణ్ని ఇంటికి తెచ్చారు. వాడితో ఆడినవాళ్లు ఎక్కడెక్కడినుంచో వచ్చారు. అత్తమ్మ వాళ్ల రేకుల పంచలోకి వంగి రావాల్సినంత పొడుగు మనుషులు. అత్తమ్మ తలెత్తి ఒక్కొక్కరినీ చూసింది. పంజాబు ఆయన ఆమెకు ముఖం కనపడాలని కింద, మట్టిలో కూర్చున్నాడు.

"వీడు నీకు ఇచ్చిండా బిడ్డా?" అని అడిగింది.

నేను హిందీలో చెప్పాను. ఆయన చెప్పిన జవాబును ఆమెకు తెలుగులో చెప్పాను. "నేను ఏసినయన్నీ నీ కొడుకు ఇచ్చినయే అంటుండు అత్తమ్మా."

ఆమె ఆయన రెండు చేతులూ తన ఒళ్లోకి తీసుకుంది. అరచేతులు తిప్పి చూసింది. వేళ్లు ఒక్కొక్కటీ తడిమింది. "ఈ చేతులకా" అంది. అప్పుడు ఏడ్చింది. ఆ చేతులు వదలకుండా ఏడ్చింది.

పాడె ఎత్తేటప్పుడు ముందువైపు వాళ్లు పట్టారు, వెనకవైపు నేనూ మావాళ్లూ. మేం పొట్టివాళ్లం. ఎత్తగానే పాడె వెనక్కి ఒరిగింది.  ఆ పొడుగు మనుషులు మోకాళ్లు వంచారు. మా భుజాలకు సమానంగా తగ్గి, అట్లాగే వంగి అడుగేశారు. వాగు పక్కన కాటి దాకా ఎవరూ నిటారుగా నిలబడలేదు. మలుపు దగ్గర వెనక్కి చూశాను. గుమ్మంలో అత్తమ్మ రెండు చేతులతో స్తంభం పట్టుకుని, పైనున్న కొడుకును కాదు, వంగి నడుస్తున్న ఆ మోకాళ్లను చూస్తూ ఉంది.