మా మేనత్త నడిపిన విలాయతి బండి

పోయిన వారం పొద్దున్నే హన్మకొండ సుబేదారి నుంచి మా బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందే," అన్నాడు. ఎట్లా అని అడిగేలోపే చెప్పాడు: "చాయ్ పెట్టుమన్నది. పెట్టుకొని వొచ్చేసరికి కుర్చీలనే కన్ను మూసింది. జర తొందరగ రా." అమ్మ అంటే మా మేనత్త, మా నాన్నకు అక్క. ఎనభై దాటిన మనిషి, ఎప్పుడో ఒకప్పుడు ఈ కబురు వస్తుందని తెలుసు. తెలిసి ఉండటం నాకేమీ సాయం చేయలేదు.

నేను వెళ్ళేసరికి వాకిలి నిండా చెప్పులు. లోపల మట్టెవాడ ఆడవాళ్ళు, కాజీపేట ఆడవాళ్ళు, తల నెరిసినవాళ్ళు, మనవరాళ్ళ చేయి పట్టుకుని వచ్చినవాళ్ళు. "నన్ను అత్తగారింట్ల దిగబెట్టింది ఈమెనే," అని ఒకామె కళ్ళు తుడుచుకుంది. "నన్ను గూడ," అంది పక్కామె. మా బావ కూతురు నా చెవిలో అడిగింది: "అత్తా, ఇంతమందిని నానమ్మ దిగబెట్టుడేంది?" ఆ పిల్లకు బండి గుర్తులేదు. తనకూ, ఆమెను ఎరగని మీకూ చెబుదామనే ఇది రాస్తున్నాను.

మేనత్త భర్త, మా మామయ్య, వకీలు. హైదరాబాదులో ఒక పాత నవాబుల దేవిడీ వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ అమ్ముతుంటే ఆ కారు కొన్నాడు. ఇంగ్లాండులో తయారైన కారు. మా మేనత్త పెళ్ళికంటే ముందు పుట్టింది. అప్పట్లో వాళ్ళిల్లు వరంగల్లు మట్టెవాడలో, మా వీధిలోనే. కంపెనీ పేరు అక్కడ ఎవరికీ నోరు తిరిగేది కాదు, అందుకని అందరికీ అది విలాయతి బండి. మీద నలుపు, పక్కలకు వెన్నరంగు. పొడుగాటి ముక్కు. ఆ ముక్కును నడిమికి విప్పి రెండు వైపులా రెక్కల్లా లేపితే లోపల ఇంజను కనిపించేది. స్టీరింగు ముందు పలకంతా అక్రోటు చెక్క, అందులో మొహం చూసుకోవచ్చు. తలుపు తీయగానే తోలు, పెట్రోలు, పాత చెక్క కలిసిన వాసన. ముందు సీట్ల వీపుకు చిన్న చెక్కబల్లలు మడిచిపెట్టి ఉండేవి. దొరలు వాటి మీద ఏం పెట్టుకుని తిన్నారో తెలియదు గానీ, మేము మాత్రం మిరపకాయ బజ్జీలు పెట్టుకునేవాళ్ళం. దిగాక మేనత్త తన కొంగుతోనే ఆ నూనె మరక తుడిచేది.

ఇంజను నడుస్తోందో లేదో బయటివాళ్ళకు తెలిసేది కాదు, అంత నెమ్మది. పెట్రోలు మాత్రం బర్రె కుడితి తాగినట్టు తాగేది.

మామయ్య గుండెపోటుతో పోయాడు. అప్పటికి మా బావ బడికి పోతున్నాడు. బండి షెడ్డులో పడింది. మామయ్య వాళ్ళ అన్న వచ్చి, "ఆడామె ఉన్న ఇంట్ల ఇంత బండి ఏం జేసుకుంటవమ్మా? మంచి బేరం చూసి ఇచ్చేద్దం," అన్నాడు. "బేరం కుదిరేదాంక షెడ్డులనే ఉండనియ్యుండ్రి బావగారు," అంది మేనత్త.

ఆ బండిని మొదటినుంచీ చూసుకున్నది మట్టెవాడలో మెకానిక్ చాచా. మేనత్త ఆయనకు కబురు పెట్టి, తనకు నడపడం నేర్పమంది. ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడట. "బెహన్, లోకం ఏమంటదో..." అన్నాడట. "లోకానికి లైసెన్సు ఉన్నదా చాచా?" అందట మేనత్త. తెల్లారుతుండగానే ఇద్దరూ పాత కోట ఖిల్లా వైపు పోయేవాళ్ళు. ఖాళీ రోడ్డు, అటూ ఇటూ పడిపోయిన రాళ్ళు. "క్లచ్ ఇడిసేటప్పుడు పొయ్యి మీదికెల్లి పాలగిన్నె దింపినట్టు దింపాలె," అని చాచా చెప్పిన మాట ఆమెకు ఇట్టే ఎక్కింది. బండి ఉరకడం మానేసింది.

మామయ్య వాళ్ళ అన్న ఒకనాడు బేరగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. షెడ్డు ఖాళీ. ఇద్దరూ ఎండలో నిలబడి ఉండగా వీధి మూలమీద నల్లటి ముక్కు కనబడింది. బండి మెల్లగా వచ్చి గేటు ముందు ఆగింది. మేనత్త దిగింది, చేతిలో కూరగాయల సంచి, అందులోంచి గోంగూర కట్ట బయటికి వేలాడుతోంది. "ఎప్పుడొచ్చిండ్రు బావగారు? లోపటికి రాండ్రి, చాయ్ పెడుత," అంది. ఆ బేరం ఊసు మళ్ళీ ఎత్తలేదు ఆయన.

ఆమె నడిపే తీరు చూడాలి. చీర కుచ్చిళ్ళు దోపుకుని, సీటు మీద మడిచిన దుప్పటి వేసుకుని కూర్చునేది. లారీలు, ఆటోలు హారన్లు కొట్టి చంపేవి. ఆమె ఎడమకు జరిగి దారి ఇచ్చేది. "తొందరున్నోళ్ళను పోనియ్యాలె. వాళ్ళతోని మనకేం పని?" అనేది. నాకు ఇంట్లోనూ ఉద్యోగంలోనూ చాలాసార్లు పనికొచ్చిన మాట అది.

ఇక నా పెళ్ళి సంగతి. మట్టెవాడలో మా ఇంటి ముందే పందిరి వేశారు. నన్ను ఎత్తుకుని పెంచిన మేనత్త ఆ రోజంతా వెనక వంటల దగ్గరే ఉండిపోయింది. ఎవరూ పొమ్మనలేదు. ఆమెకు ఆ లెక్కలు తెలుసు. పందిట్లోంచి నేను వెతుక్కుంటే గుంజ చాటున కొంగు మాత్రమే కనబడేది. సాగనంపే వేళకు మాత్రం ముందుకు రాక తప్పలేదు. మమ్మల్ని కాజీపేటకు విలాయతి బండిలో పంపాలని నాన్న ముందే అనుకున్నాడు, దాన్ని నడిపేది ఆమె ఒక్కతే.

బండికి పూలదండలు కట్టారు. మేనత్త తలుపు మీద చేయి వేసింది. అప్పుడు పెళ్ళివారిలో ఒక పెద్దమనిషి, నా భర్తకు మేనమామ, నాన్నను పక్కకు పిలిచి, అందరికీ వినబడేటట్టే అన్నాడు: "ఏమనుకోకుండ్రి. కొత్తజంటకు ముందట ఆమె ఉంటే ఎట్ల? శుభమా అని పోతాండ్రు."

బ్యాండు వాళ్ళు కూడా ఆపేశారు. నాన్న తల వంచుకున్నాడు. మేనత్త ముఖంలో ఏ మార్పూ లేదు. తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టింది. "డ్రైవర్ను చూసుకోండ్రి. చోక్ జర మెల్లగ గుంజుమనుండ్రి," అని వెనక్కి తిరిగింది.

నేను అంతవరకు పెద్దవాళ్ళ ముందు గొంతెత్తింది లేదు. ఆ క్షణాన ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం. "అత్త నడపకపోతే నేను బండెక్క," అన్నాను. అమ్మ నా చేయి నొక్కింది. నా భర్త, అప్పటికి ముఖం కూడా సరిగా చూడని మనిషి, మా కొంగుముడి పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. ఆయన కూడా ఎక్కలేదు.

ఇంతలో గుంపును తోసుకుంటూ నా భర్త వాళ్ళ నాయనమ్మ వచ్చింది. బోసినోరు, నెరిసిన ముడి, చేతిలో కర్ర. మేనత్త ముందు ఆగి కిందినుంచి పైకి చూసింది.

"బిడ్డా, గీ బండి నీదేనా?"

"అవునమ్మా."

"పెనిమిటి పోయినంక నడుపుడు నేర్చినవా?"

"అవునమ్మా."

"ఎవల్నన్న పడగొట్టినవా?"

"ఇంతవరకైతే లేదు."

"అయితే తలుపు తియ్యి. నేను నీ పక్కపొంటి కూసుంట. నేనూ ముండమోపినే. ఇద్దరం ముందట పోతం." మేనమామ వైపు కర్ర చూపించింది. "నీకు కష్టమైతే ఎనకకెల్లి నడుసుకుంట రా."

ఆయన ఏదో అనబోయాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో అందరి బిగువూ సడలింది, బ్యాండు మళ్ళీ మొదలైంది. మేము ఎక్కాం. అద్దంలో మేనత్త కళ్ళు కనబడ్డాయి, తడిసి ఉన్నాయి. కానీ రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు.

హన్మకొండ దాటాక బండి ముక్కులోంచి ఆవిరి లేచింది. ఇక మేనమామ నోటికి అడ్డు ఉండదనుకున్నాను. వెనక పెళ్ళివారితో వచ్చే జీపు కూడా ఆగింది, ఆయన దిగి నడుముకు చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మేనత్త తొణకలేదు. కాసేపు చల్లారనిచ్చి, గుడ్డతో మూత తిప్పి, డబ్బాతో నీళ్ళు పోసింది. తర్వాత సీటు కిందినుంచి ఒక పొట్లం తీసి అందులోది రేడియేటర్లో ఒంపింది. పసుపు! సన్నటి కారుడు ఉంటే పసుపు పోతే మూసుకుంటుందని చాచా చెప్పిన ఉపాయం. పని అయ్యేసరికి ఆమె రెండు చేతులూ మణికట్టు దాకా పచ్చగా అయ్యాయి. కడుక్కోవడానికి నీళ్ళు మిగల్లేదు.

నాయనమ్మ ఆ చేతులు పట్టుకుని తిప్పి చూసింది. "సూడుండ్రి, పెండ్లిల అందరికన్న ఎక్కువ పసుపు ఈమెకే అయ్యింది," అని పకపకా నవ్వింది. మేనత్త కూడా నవ్వింది. మామయ్య పోయాక ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. మేనమామ కాసేపు నేల చూశాడు. తర్వాత తనే ముందుకు వచ్చి, "నేను మూత పెడుత, మీరు స్టార్ట్ చెయ్యుండ్రి అక్కా," అన్నాడు. ఆ పసుపు చేతులతోనే స్టీరింగు పట్టుకుని ఆమె మమ్మల్ని కాజీపేట చేర్చింది. గడప దగ్గర నాయనమ్మ ఆమెను కూడా లోపలికి తీసుకుపోయి, మా పక్కన పీట వేసి కూర్చోబెట్టింది.

ఆ కబురు మాకంటే ముందు మట్టెవాడ చేరింది. తర్వాత నెలలోనే చాచా తన బిడ్డ నిఖా పెట్టుకుని వచ్చాడు. "బెహన్, మా బిడ్డ కూడ మీ బండిలనే పోతనంటుంది," అన్నాడు. ఆ తర్వాత ఎవరింట పెళ్ళయినా ముందు మేనత్తను అడిగి ముహూర్తం పెట్టుకునే రోజులు వచ్చాయి. పిల్లను దిగబెట్టి వచ్చేటప్పుడు ఆమె ఒక్క మాట చెప్పేది: "ఏమన్న అయితే కబురు పెట్టు బిడ్డా. నాకు దారి ఎరుకే." ఒకరిద్దరికి ఆ అవసరం పడింది కూడా. ఆమె వెళ్ళింది. ఆ సంగతులు వాళ్ళవి, నేను రాయను.

ఏళ్ళు గడిచాయి. చాచా పోయాడు. సామాను దొరకడం కష్టమైంది. ఆమె కళ్ళకు శుక్లాలు వచ్చాయి, మోకాళ్ళు మొరాయించాయి. పాత కార్లను బాగుచేసి నడుపుకునే హైదరాబాదు దంపతులు ఎవరిద్వారానో విని వచ్చారు. ఆ అమ్మాయి బానెట్ లేపి, చీర పాడవుతుందని చూడకుండా లోపలికి వంగడం మేనత్తకు నచ్చింది. "షెడ్డుల తుప్పువట్టుడు కంటె రోడ్డు మీద ఉండుడు మేలు," అని ఒప్పుకుంది.

బండిని తీసుకుపోయే లారీ మా సన్న వీధిలోకి రాలేకపోయింది. పెద్దరోడ్డు మీద ఆగింది. అక్కడిదాకా ఎవరు నడుపుతారని మా బావ అడిగేలోపే మేనత్త కుచ్చిళ్ళు దోపుకుంది. మేమిద్దరం భయపడుతూ వెనక ఆటోలో కూర్చున్నాం. వీధివీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. బండి నడక వేగంతో పోతోంది. బండి తలుపుల నడిమి కమ్మీలోంచి చిన్న చేయిలా లేచి మలుపు చూపించే ఎర్రదీపం పాడై చాలా కాలమైంది. అందుకని చౌరస్తా దగ్గర మేనత్త కిటికీలోంచి తన కుడిచేయి బయటికి చాపింది.

సన్నటి చేయి, గాజులు లేవు, గాలికి రవిక అంచు కొట్టుకుంటోంది. బస్సు ఆగింది, ఆటోలు ఆగాయి, ఒక్కడూ హారన్ కొట్టలేదు. బండి తిరిగి తిన్నగా అయింది. మలుపు అయిపోయినా ఆ చేయి మాత్రం చాలా దూరం దాకా అట్లాగే బయట ఉంది.