లోవరాజు కొన్న టైరు

శుక్రవారం నమాజు ముగిసి బహ్రెయిన్‌లోని జిదాఫ్స్ బజారంతా నిద్రకు పడ్డ వేళ, దేవేందర్ డెలివరీ బండిని నెట్టుకుంటూ మొఫిజ్ పంచరు కొట్టుకు చేరాడు. వెనక చక్రంలో గాలి చుక్క లేదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మొఫిజ్ అన్నం ముందు కూర్చున్నవాడు కాస్తా చెయ్యి కడుక్కుని లేచి, ముందు చల్లటి నీళ్ల సీసా చేతికిచ్చాడు. ఆ బంగ్లాదేశీ మనిషి తీరే అంత, అడిగించుకోడు.

టైరు విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. ఏ ఇనుప రేకు తగిలిందో, పక్కవైపు బెత్తెడు చీలింది.

"ట్యూబుకు ప్యాచ్ వేస్తాను భాయ్. కానీ ఈ చీలిక ఈ ఎండకు ఆగదు. టైరే మార్చెయ్."

"ఇప్పుడు యాడ దొరుకుతది? సాయంత్రందాక దుకాణాలు తెరువరాయె."

అంతలో ఫోను మోగింది. హోటలు మేనేజరు బేబి. కేరళ మనిషి. పేరులో ఉన్న ముద్దు మాటలో ఉండదు. "హమద్ టౌన్ ఆర్డరు చల్లారిపోతోంది. ప్యాచ్ వేయించుకుని యల్లా, వచ్చెయ్. కుదరదంటావా, తాళాలిచ్చి పో. ఆ బండికి మనుషులు కాచుకుని ఉన్నారు."

దేవేందర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఏళ్లకేళ్లు పరంజా పైపులు మోసి నడుము చెడినవాడికి ఆ బండి దేవుడిచ్చిన కొలువు. అది పోతే మళ్లీ పైపుల కిందికే పోవాలి. పోయినా ఇక మోయలేడు.

మొఫిజ్ లోపలికి వెళ్లి, పైన చుట్టిన కాగితమైనా విప్పని కొత్త టైరు దొర్లించుకొచ్చాడు. "ఇది నీ బండికి కొన్నదే. లోవరాజు భాయ్ కొని నా దగ్గర పెట్టాడు. ఎక్కించుకోకముందే..." అని వేలు పైకి చూపించాడు.

దేవేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. కాకినాడ వైపు నుంచి వచ్చిన లోవరాజు ఆ బండి మీద ముందు పనిచేసినవాడు. డ్యూటీ దిగాక గలాలీ దగ్గర ఖాళీ జాగాలో దేవేందర్‌కు బండి నేర్పింది అతనే. ఒకనాడు పడుకున్నవాడు మరి లేవలేదు. కొలువు దేవేందర్‌కు వచ్చింది. బండి మీద పసుపునీళ్లు చల్లి, నిమ్మకాయ కట్టి గానీ ఎక్కలేదు. ఇంటి దగ్గర నుంచి భార్య జమున ఫోనులో గట్టిగా చెప్పింది: "సచ్చినోని కొలువుల నిలవడ్డవ్. ఆయన సొంత సామాను జోలికన్న వోకు."

"వద్దు భాయ్. సచ్చినోళ్ల సామాను మేం వాడం. మా దిక్కు వాళ్ల మంచం గూడ ఇంట్ల ఉంచరు."

"ఆయన బండెక్కావు. ఆయన డ్యూటీ తీసుకున్నావు. టైరు దగ్గరే పాపం అడ్డమొచ్చిందా?"

"బండి కంపెనీది. టైరు ఆయన పైసలది."

మొఫిజ్ నవ్వలేదు. "నీ దేవుడి సంగతి నీకే తెలియాలి," అని చీలిక లోపల మందపాటి రబ్బరు ముక్క పెట్టి, ప్యాచ్ వేసి బిగించాడు. "మెల్లగా పో భాయ్."

దేవేందర్ మెల్లగానే పోదామనుకున్నాడు. బేబి మళ్లీ ఫోను చేశాడు.

హమద్ టౌన్ మలుపులో టైరు పేలింది. రోడ్డు పక్కన పడి ఉన్న అతనికి, ఎవరో బహ్రెయినీ పెద్దాయన కారాపి దిగి, తలగుడ్డ విప్పి, అంబులెన్సు వచ్చేదాకా ముఖానికి నీడ పట్టాడు. దేవేందర్‌కు ఆయన పేరైనా తెలియదు.

కాలు రెండు చోట్ల విరిగింది. ఇక బండి నడపలేడని డాక్టరు చెప్పినరోజే బేబి "ఖలాస్" అన్నాడు. ఇంటికి టికెట్టు చేతిలో పెట్టారు.

వెళ్లే ముందురోజు సాయంత్రం, బండి అందుకున్న కుర్రాడు వీరబాబు దేవేందర్ ఉండే లేబర్ క్యాంపుకు పప్పన్నం పట్టుకొచ్చాడు. గోదావరి జిల్లా పిల్లవాడు, మంచి మర్యాద.

"బండి ఎట్లున్నది తమ్మీ?"

"బ్రహ్మాండం అండి. కొత్త టైరు పడింది కదండీ. ఎవరో కొని వదిలేశారంట, మొఫిజ్ భాయ్ ఊరికే ఎక్కించాడు. ఎవరో గానీ మహానుభావుడండి."

దేవేందర్ నోటిదాకా వచ్చిన పేరును మింగేశాడు. మంచం కింది నుంచి హెల్మెట్ తీశాడు. "ఇది తీస్కో. నీది పగిలింది గద. గీతలు పడ్డయి గని గట్టిది."

వీరబాబు ఆ గీతల వంక చూశాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఏమీ అనుకోకండి అన్నయ్యా. పడ్డ మనిషి వస్తువంటే... మా అమ్మ ఒప్పుకోదండి."

హెల్మెట్ దేవేందర్ ఒళ్లోనే ఉండిపోయింది. ఒక్క మాట చెబితే చాలు, ఈ పిల్లవాడు ఇప్పుడే మొఫిజ్ దగ్గరికి పోయి ఆ టైరు ఊడదీయించుకుంటాడు. ఏ పాతదానికో మళ్లీ ప్యాచ్ వేయించుకుంటాడు.

"తప్పేం లేదు తీ," అన్నాడు. "మెల్లగ పో. ఎవడు ఫోన్ చేసినా తొందరపడకు."

కింద బండి స్టార్టయింది. ఆ చప్పుడు గేటు దాటేదాకా విని, హెల్మెట్‌ను మంచం కిందికి నెట్టి, చల్లారిపోతున్న పప్పన్నం దగ్గరికి లాక్కున్నాడు.