ఒళ్లో పట్టే ఫిల్టరు

మా చెల్లెలి పెళ్లి నా చేతుల మీదుగా చెడిపోవాల్సింది. చెడిపోకపోవడంలో నా ప్రయోజకత్వం ఏమీ లేదని ముందే మనవి చేస్తున్నాను.

డెబ్బైల చివర నేను నంద్యాలలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. అమ్మ, నాయన, చెల్లెలు ఆళ్లగడ్డలో ఉండేవాళ్లు. చెల్లెల్ని చూసుకోవడానికి ఆత్మకూరు నుంచి వస్తున్నామని కబురొచ్చింది. పెళ్లికొడుకు తండ్రికి నీళ్ల పట్టింపు. నీళ్లు నచ్చని ఊరి సంబంధమే వద్దంటాడట! అసలే వానాకాలం, మా ఇంటి నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. నాయనకు దిగులుతో ముద్ద దిగడం లేదు.

"నువ్వు ఊరికే ఉండు నాయనా, ఇంటికంతా సరిపోయే ఫిల్టరు నేను తెస్తా" అన్నాను.

నంద్యాల అంగట్లో అడిగారు: "ఇంట్లో ఎంతమందప్పా?"

"ముగ్గురు."

"వచ్చేపోయేటోళ్లు?"

"వాళ్ల లెక్కెందుకులే అన్నా. బస్సులో ఒళ్లో పట్టాల, అంతే!"

నోళ్లను బట్టి కాక తొడలను బట్టి ఫిల్టరు సైజు నిర్ణయించిన మహానుభావుణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయివుంటాను.

దాహమేసినప్పుడు బావి తవ్వేవాళ్లను చూసి నవ్వుతాం కదా, నేను వాళ్లకంటే ఘనుణ్ణి. చూపుల రోజు పొద్దున్నే ఫిల్టరు నింపి, "ఇంక మురికినీళ్లు ఇంట్లో ఉండకూడదు" అంటూ మిగిలిన బిందెలన్నీ పెరట్లో బర్రె తొట్లో కుమ్మరించాను.

వచ్చినవాళ్లతో ఇల్లు నిండిపోయింది. కొత్తగా ఫిల్టరు తెచ్చామని నాయన వాళ్లకు గొప్పగా చెప్పేశాడు. అమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. పొద్దున్నుంచి దిగిన నీళ్లు ఆడవాళ్ల గ్లాసులకే అయిపోయాయి. పెళ్లికొడుకు తండ్రి, ఆ పెద్దాయన, రెండో బజ్జీ కొరికి, కారానికి కళ్లు ఎర్రబడి, "నీళ్లు!" అన్నాడు.

ఫిల్టరు కుళాయి కింద గ్లాసు పెట్టాను. టప్. ఒక చుక్క. రెండో చుక్క కోసం మీరు కూడా కాస్త ఓపిక పట్టాలి.

"ఏందిరా, నీళ్లు యాడ?" నాయన పళ్లు నూరాడు.

"దిగుతాండాయి నాయనా."

"ఎప్పుడు దిగుతాయి? ఆయప్ప ఎళ్లిపోయినాంకనా?"

కంగారుగా గ్లాసు లాగేసరికి ఉన్న చుక్కలు కూడా ఒలికిపోయాయి. తలుపు చాటు నుంచి చెల్లెలు "అన్నా, నా పెళ్లి..." అంది ఏడుపు గొంతుతో.

ఇంతలో పెద్దాయన దిగ్గున లేచి, ఉఫ్ ఉఫ్ అంటూ పెరట్లోకి పరుగెత్తాడు. వెనకే మేమూ. తొట్లో మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటగా ఉన్నాయి. ఆయన వంగి దోసిళ్లతో గటగటా తాగుతుంటే, బర్రె తన ఆస్తి ఎవరో రాయించుకుంటున్నట్టు చూస్తోంది. నాయన గోడ పట్టుకున్నాడు. అయిపోయింది, సంబంధం పోయిందనుకున్నాను.

ఆయన మీసాలు తుడుచుకున్నాడు. "నీళ్లంటే ఇవప్పా! ఫిల్టరు తెచ్చినామంటే ఏమో అనుకుంటి. తొట్టినిండా పట్టి పెట్టినారే! ఇంక ముహూర్తం చూడండి."

బర్రెతో సహా ఎవరూ నోరెత్తలేదు. పోతూ పోతూ ఆయన నా భుజం తట్టాడు: "మా ఇంట్లో పద్దెనిమిది మందిమి అబ్బోడా. మాకూ సరిగ్గా ఇదే సైజుది ఒకటి తెచ్చియ్యి."

ఆ సాయంత్రమే అహోబిలం స్వామి మీద ఒట్టేసుకున్నాను. ఇకపై ఏ ఇంటికి ఫిల్టరు కొన్నా, ఆ ఇంటి మనుషుల్నే కాదు, మిరపకాయల్ని కూడా లెక్కేసుకునే కొంటాను.