పడని కుట్లకు పథ్యం

మా ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మందు కంటే ముందు జరిగేది కంచం గుంజుకోవడం. పప్పు వద్దు, చీము పడుతుంది. వంకాయ వద్దు, దురద పెడుతుంది. పల్లీలు పైత్యం, నువ్వులు వేడి, శనగలు వాతం, నూనె దగ్గు. ఇవన్నీ తీసేశాక కంచంలో మిగిలేవి మెత్తటి అన్నం, మిరియాల చారు, ఉప్పూ కారం లేని పొట్లకాయ. దీన్ని పథ్యం అంటారు. మా వాళ్లు తెలంగాణ నుంచి సూరత్ వచ్చి నలభై ఏళ్లు దాటింది. చేతి మగ్గాలు పోయి పవర్‌లూమ్‌లు వచ్చాయి, పిల్లలు అన్నం కూడా హిందీలోనే అడుగుతున్నారు. ఊరి నుంచి మూట కట్టుకొచ్చిన పథ్యం మాత్రం చెక్కు చెదరలేదు. దేన్నైనా కాపాడుకోవాలని మా వాళ్లు గట్టిగా అనుకున్నారంటే అది ఇదొక్కటే కాబోలు.

రెండేళ్ల క్రితం వానలు తగ్గే రోజుల్లో బాపుకు టైఫాయిడ్ వచ్చింది. బాపు ముప్ఫై ఏళ్లకు పైగా సూరత్‌లో మేముండే ఉధ్నాలోనే మగ్గాలు నడిపాడు. పడుగు దారం చుట్టిన ఇనుప బీములు ఎత్తీ ఎత్తీ పొత్తికడుపు పక్కన హెర్నియా గడ్డ తేలింది. దాన్ని బెల్టుతో అదిమి కట్టుకుని ఎన్నాళ్లో నెట్టుకొచ్చాడు. జ్వరం తగ్గేసరికి మనిషి నలభై ఒక్క కిలోలకు దిగిపోయాడు. గడ్డ మాత్రం ఇంకా పెద్దదైంది. డాక్టరు నాకు సూటిగానే చెప్పాడు. ఇంత నీరసంగా ఉన్న మనిషికి ఇప్పుడే ఆపరేషన్ చేయను, నలభై ఆరుకు తీసుకురండి, చేస్తాను. అలాగని ఏళ్లు గడపొద్దు, పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అంటే ఐదు కిలోలు. ఇంకో ఇంట్లో అయితే రోజుకు నాలుగు గుడ్లు, వారానికి రెండుసార్లు మాంసం, పడుకునే ముందు పాలు అంటారు. బాపు పదేళ్ల కిందట గురువు దగ్గర ఉపదేశం తీసుకుని నీసు మానేశాడు, గుడ్డు కూడా ముట్టడు. జ్వరం తర్వాత పాలూ పెరుగూ కూడా పడడం మానేశాయి, పాలచుక్క పడిన టీ తాగినా కడుపు పట్టుకుని పరుగెత్తేవాడు. ఇక మిగిలింది నేలలో మొలిచేవే. డాక్టరు దానికి కంగారు పడలేదు. పల్లీలు, నువ్వులు, పప్పులు, బెల్లం, అరటిపండ్లు, కూరలో కాస్త ఎక్కువ నూనె, రోజుకు ఐదుసార్లు కొంచెం కొంచెంగా అని గుజరాతీలో చీటీ రాసిచ్చాడు.

ఆ చీటీని ఇంటికొచ్చి అత్తమ్మకు చదివి వినిపించాను. అత్తమ్మ అంటే బాపు అక్క. అమ్మ పోయినప్పటి నుంచి మా వంటిల్లు ఆమెదే. చీటీ మొత్తం ఓపిగ్గా విని, చివరికి మూతి విరిచింది.

"డాక్టరుకేమెరుక? గిప్పుడు పప్పు పెడితే రేపు కోసినంక చీము పట్టదా?"

"ఇంకా కొయ్యనే లేదు కదా అత్తమ్మా."

"గందుకే చెప్తున్న. ముందుగాల్నే కడుపు శుద్ధి ఉండాలె."

కుట్లు పడలేదు, కత్తి తగల్లేదు, తేదీ కూడా ఖాయం కాలేదు. చీము మాత్రం అప్పుడే వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. నేను మిల్లుకు వెళ్లాక ఇంట్లో ఏం వండుతున్నారో చూసే దిక్కు లేదు. నా పని ఊరి బయట పల్సానాలో ఒక ప్రాసెసింగ్ మిల్లులో చీరల రంగు తేడాలు పట్టుకోవడం. పొద్దున ఏడింటికి బస్సెక్కితే తిరిగి రావడం సాయంత్రమే. మూడు వారాలు పొట్లకాయ రాజ్యం నడిచింది. మందుల షాపు ముందున్న కాంటా మీద నిలబెడితే బాపు నలభైన్నర. పెరగాల్సిన మనిషి అరకిలో తగ్గాడు. అత్తమ్మ దానికి కూడా సంతోషించింది, ఒంట్లో చెడు నీరు పోతోందట.

ఇక సలహాలిచ్చేవాళ్లకు కొదవా? పక్కింటి గుజరాతీ ఆవిడ, మేం బెన్ అని పిలుస్తాం, గిన్నెడు నెయ్యి తెచ్చి పెట్టి, ఇది పాలు కాదు, నెయ్యి అంది. అదెక్కడి నుంచి వస్తుందనుకుంటోందో అడగబోయి నోరు మూసుకున్నాను. చూడటానికి వచ్చిన మా కులపోళ్లు ఒకరి తర్వాత ఒకరు గ్లూకోజ్ బిస్కెట్లు, కొబ్బరి నీళ్లు తెచ్చారు. కొబ్బరి నీళ్లు తాగి లావెక్కిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. వచ్చిన ప్రతివాడూ మంచం పక్కన కూర్చుని, ముక్క లేనిదే కండ ఎట్ల పడుతుందని బాపు మొహం మీదే అని, మా ఇంట్లో టీ తాగి పోయేవాడు. అందరికంటే ఘనుడు మా తమ్ముడు. జిమ్‌కు పోయి చేతులు అద్దంలో చూసుకునే రకం. బకెట్టంత డబ్బాలో పొడి తెచ్చి, "అక్కా, ప్రోటీన్. నెలలో చూడు బాపు బాడీ," అన్నాడు. అది పాల నుంచి తీసిన పొడి అని డబ్బా మీద రాసే ఉంది. చదవడం కండల పని కాదు కాబట్టి వాడు చదవలేదు. బాపు రెండు రోజులు బాత్రూం దగ్గరే ఉన్నాడు. మిగతా డబ్బా వాడే తాగాడు, వాడికి మాత్రం బాగానే పనిచేసింది.

వీళ్లందరిలో తెలివైనదాన్ని నేనొక్కదాన్నేనని నాకు గట్టి నమ్మకం. వంటిల్లు నేను తీసుకున్నాను. అత్తమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు, గిన్నెలతోనే మాట్లాడించింది. నేను లెక్క చేయలేదు. పొద్దున బస్సుకు ముందే లేచి పల్లీలు, నువ్వులు వేయించి బెల్లంతో లడ్డూలు కట్టేదాన్ని. పప్పులో నూనె తేలేలా పోపు పెట్టేదాన్ని. అన్నంలోకి పల్లీల పొడి, రాత్రికి సజ్జ రొట్టె, ఆలుగడ్డ వేపుడు. చలికాలం మొదలవగానే గానుగ దగ్గరికి పోయి కచరియు తెచ్చాను. నువ్వులూ బెల్లమూ కలిపి ఆడించిన ముద్ద అది, సూరత్ వాళ్లు చలిలో ఒంటికి బలమని తింటారు. నాలుగు లడ్డూలు స్టీలు డబ్బాలో పెట్టి బాపు చేతికిచ్చి, పూట పూటకూ ఒకటి తినమని చెప్పి బస్సెక్కేదాన్ని. "సరే బిడ్డా," అనేవాడు. సాయంత్రానికి డబ్బా ఖాళీ. నా అంత సమర్థురాలు ఉధ్నాలో లేదనుకున్నాను.

కాంటా మాత్రం నా సామర్థ్యాన్ని గుర్తించలేదు. నలభై ఒకటి. నలభై ఒకటిన్నర. మళ్లీ నలభై ఒకటి. మొదట కాంటాను అనుమానించాను. ఇంకో షాపులో చూపిస్తే అదే అంకె. పురుగులున్నాయేమోనని మందు వేయించాను. చివరికి అత్తమ్మను పట్టుకున్నాను. నేను పోగానే లడ్డూలు గుంజుకుని పొట్లకాయ పెడుతున్నావని మొహం మీదే అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా తమ్ముని నోటి కాడి ముద్ద నేను గుంజుకుంటనా పిల్లా?" అని ఏడ్చింది. ఆ ఏడుపును కూడా నేను నమ్మలేదు. నటన అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక రోజు బెన్ మెట్ల దగ్గర నన్ను ఆపింది. కళ్లు పెద్దవి చేసుకుని, సగం హిందీ సగం గుజరాతీలో, మీ పప్పా ఎంత పుణ్యాత్ములు అంది. రోజూ పొద్దున గోమాతకు తన చేతులతో నాలుగు లడ్డూలు తినిపిస్తారట. ఆవు ఆయన వచ్చే వేళకు గల్లీ చివర నిలబడి ఎదురుచూస్తుందట. ఇంత భక్తి ఈ రోజుల్లో ఎవరికుంటుంది, అని చేతులు జోడించింది కూడా.

మర్నాడు నేను బస్సెక్కలేదు. ఆటో స్టాండ్ వెనక నిలబడి చూశాను. బాపు బెల్టు సర్దుకుంటూ మెల్లగా నడిచొచ్చాడు. ఆవు తల ఊపింది. నున్నగా నిగనిగలాడుతూ, డొక్కలు నిండి, పుష్టిగా ఉంది. ఐదు కిలోలేం ఖర్మ, అది నా చేతి తిండితో యాభై కిలోలు పెరిగి ఉంటుంది. బాపు డబ్బా మూత తీసి ఒక్కొక్క లడ్డూ దాని నోటికి అందించి, ఖాళీ డబ్బాను పంచె అంచుతో తుడిచాడు.

నేను నడిరోడ్డు మీదే అరిచాను. తెల్లారకముందే లేచి కడుతున్నది ఈ ఆవు కోసమా అన్నాను. అత్తమ్మను దొంగను చేశానన్నాను. పేగు ఇరుక్కుంటే ఏమవుతుందో తెలుసా అన్నాను. ఆటోల వాళ్లు తలలు బయటపెట్టి చూశారు. బాపు పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చుని నేను అలిసిపోయేదాకా విన్నాడు.

"తినబుద్ధి కాలేదా? రుచి లేదా? ఏందో చెప్పు బాపూ."

"రుచికేమైంది, మంచిగున్నయి. మేకపోతును గూడ మంచిగ మేపి, బరువు చూసినంకనే గద బిడ్డా కోస్తరు."

బాపు పక్కన కూలబడ్డాను. డాక్టరు దగ్గరికి పోయిన రోజు, భయపడతాడని బాపును బయట కూర్చోబెట్టి లోపల నేనొక్కదాన్నే విన్నాను. విన్నది అత్తమ్మకు చెప్పాను, తమ్ముడికి ఫోన్‌లో చెప్పాను, మిల్లులో నా పక్క టేబుల్ ఆమెకు కూడా చెప్పాను. బాపుకు మాత్రం తిను అని చెప్పాను. వారం వారం తీసుకుపోయి కాంటా మీద నిలబెట్టాను.

"ఎంత పొడుగు కోస్తరు?" అని అడిగాడు బాపు. ఎదురు రొమ్ము మీద వేలు పెట్టి, బొడ్డు దాటి కిందిదాకా గీత గీసి చూపించాడు. "గింతనా?"

నాకు తెలియదు. ఏ గింజలో ఎంత బలముందో నోటికి చెప్పగలదాన్ని, బాపు ఒంటి మీద కత్తి ఎక్కడ పడుతుందో నేను అడగలేదు. చదువుకున్నానని అందరినీ ఈసడించిన నేను ఇంత గాడిదనని ఆ రోజు ఆ బల్ల మీద తెలిసింది. ఇంటికి పోయి అత్తమ్మకు తప్పయిందని చెప్పాలనుకున్నాను. అలాంటి మాటలు మా ఇంట్లో అలవాటు లేవు. ఆమె వండిన పొట్లకాయను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

ఆ సాయంత్రమే బాపును డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఈసారి లోపలికే, డాక్టరు ఎదురు కుర్చీలోకి. ఆపరేషన్ ఆ తర్వాత రెండున్నర నెలలకు బాగానే జరిగింది కాబట్టి ఇదంతా ఇప్పుడు ఇంత తీరిగ్గా రాస్తున్నాను. ఆ రోజు ఎంత కోస్తారో చూపించమని నేను అడిగాను. డాక్టరు బొటనవేలూ చూపుడువేలూ కాస్త ఎడంగా పెట్టి చూపించాడు. మత్తు ఇస్తాం, నొప్పి తెలియదు, రెండో రోజుకు ఇంటికి పంపిస్తాం అన్నాడు. డాక్టరు గబగబా మాట్లాడే హిందీ బాపుకు సగమే ఎక్కుతుంది, అందుకే నేను తెలుగులో చెప్పాను. బాపు ముందుకు వంగి ఆ రెండు వేళ్ల మధ్య సందును పరీక్షగా చూశాడు, తర్వాత నా వైపు తిరిగాడు.

"గీ ముచ్చట ముందుగాల్నే చెప్తే, గా లడ్డూలన్ని నేనే తింటుంటి గద బిడ్డా."

పప్పా ఏమంటున్నారని డాక్టరు నవ్వుతూ అడిగాడు. ఆ ఒక్క మాటను నేను హిందీలోకి మార్చలేదు.