నన్ను చూసి ఏడవకురా

నిన్న పొద్దున జూబ్లీ హిల్స్‌లో ఒక హీరోగారింట్లో ఫొటోషూట్‌కి లైట్లు పెట్టుకుంటున్నాను. కృష్ణానగర్ నుంచి మా లైట్‌మ్యాన్ ఫోన్ చేశాడు.

"అన్నా, శామ్ అన్న పోయిండన్నా."

నాకు ఒళ్ళు మండింది. పౌర్ణమి దగ్గరికొచ్చింది కదా, నన్ను వదిలేసి ఒక్కడే కొండలకి చెక్కేశాడు అనుకున్నాను.

"ఎటు పోయిండురా? నాకు జెప్పకుండ ఎట్ల పోతడు?" అని అరిచాను.

అవతల ఏడుపు వినిపించింది.

"గుండె ఆగిపోయిందన్నా. నిద్రలనే."

చేతిలో ఉన్న లెన్స్ క్యాప్ ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదు.

శామ్ ఎవరో తెలియనివాళ్లకి చెప్తున్నా. పూర్తి పేరు శామ్యూల్, తుని నుంచి వచ్చాడు. నాలాగే సినిమాల్లో స్టిల్ ఫొటోగ్రాఫర్. ఇద్దరం ఒకేసారి ఫిల్మ్‌నగర్‌లో పని మొదలుపెట్టాం. కృష్ణానగర్‌లో ఒకే రూంలో ఉన్నాం. ఒకే మోడల్ కెమెరా కొన్నాం.

ఫొటోలు మాత్రం ఒకేలా రాలేదు.

నాకు వాడంటే కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు, కడుపుమంట. వాడి మొహం మీదే చెప్పేవాడిని కాబట్టి ఇప్పుడు కొత్తగా దాచేదేం లేదు.

వాడు దాన్ని ఎంజాయ్ చేసేవాడు కూడా. లారీల వెనక రాసి ఉంటుందే, "నన్ను చూసి ఏడవకురా" అని, ఆ స్టిక్కర్ కొని కెమెరా బ్యాగ్‌కి అంటించాడు. ఏ సెట్‌లో కలిసినా ఆ బ్యాగ్‌ని సరిగ్గా నా వైపు తిప్పి పెట్టేవాడు.

అవుట్‌డోర్‌కి వెళ్తే లంచ్ బ్రేక్‌లో మేమంతా చికెన్ ముక్కల కోసం కొట్టుకుంటుంటే, వీడు గట్టు వెనకాల బోర్లా పడుకుని ఉండేవాడు. పేరు కూడా తెలియని ఒక గడ్డిపువ్వు కోసం. షర్టంతా మట్టి, మెడ మీద చీమలు.

ఒకసారి హీరోయిన్ అడిగింది, "నా ఫొటోలకి ఇంత కష్టపడరేంటండీ?" అని.

"మీరు రేపు కూడా ఉంటారండీ. అది సాయంత్రానికి వాడిపోద్ది" అన్నాడు.

ఆవిడ నవ్వేసి ఆ పువ్వు ఫొటో అడిగి తీసుకుని డీపీ పెట్టుకుంది. నేను తీసిన ఆవిడ సొంత ఫొటో ఒక్కటి కూడా డీపీ కాలేదు.

మండదా మరి?

ఇక ఆ హరివిల్లు సంగతి.

నిండు వెన్నెల్లో జలపాతం తుంపర మీద హరివిల్లు పడుతుంది. కంటికి తెల్ల చారలా కనిపిస్తుంది. కెమెరా షట్టర్‌ని కాసేపు తెరిచి ఉంచితే రంగులన్నీ వస్తాయి. శామ్ చెప్తే నేను నమ్మలేదు. అయినా వాడొక్కడికే దొరుకుతుందేమోనన్న భయంతో వెంటపడి వెళ్ళాను.

మన్యంలో ఒక జలపాతం. పేరు చెప్పను. రీల్స్ బ్యాచ్ దిగిపోతుందని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

వానలు తగ్గాక వచ్చిన పౌర్ణమి. చంద్రుడు అప్పుడే కొండ మీదకి లేస్తున్నాడు. ఈసారి వీడికన్నా ముందు నేనే కొట్టాలని గబగబా రాళ్ళెక్కి జలపాతం పక్కకి చేరాను. చంద్రుడు ఫ్రేమ్‌లో పడేలా కెమెరా పెట్టాను. మన సినిమావాళ్ళకి అంతే కదా. వెన్నెల సీన్ అంటే చంద్రుడు ఎదురుగా ఉండాలి, బ్యాక్‌లైట్ కొట్టాలి.

శామ్ కిందే ఆగిపోయాడు. చంద్రుడికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఏదిరా హరివిల్లు? నాకేం కనిపిస్తలేదు!" అని అరిచాను.

"నీ వెనకాలే ఉందిరా యాదీ!"

తిరగబోయాను. అప్పుడు గట్టిగా అరిచాడు.

"స్టిల్!"

సెట్‌లో షాట్ అయ్యాక మేం వేసే కేక అది. అది వింటే ఎంత పెద్ద హీరో అయినా ఉన్నచోటే ఆగి మాకు పోజు ఇవ్వాలి. జీవితమంతా నేను ఊళ్ళోవాళ్ళకి చెప్పిన మాటే కానీ, నాకెవరూ చెప్పలేదు. అలవాటు కొద్దీ బిగుసుకుపోయాను. తుంపరకి తడిసి ముద్దయినా, పళ్ళు టకటకలాడుతున్నా కదల్లేదు.

ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. జలపాతం, హరివిల్లు, దాని కింద చిన్న మనిషి. ఫిల్మ్‌నగర్‌లో కొందరు "గ్రాఫిక్స్ అదిరింది, ఏ డిజైనర్ చేశాడు?" అని కూడా అడిగారు. ఆ చిన్న మనిషే ఫొటోకి ప్రాణం అన్నారు అందరూ.

ఆ చిన్న మనిషిని నేనే. ఆ పేరు కూడా వాడికే పోయింది చూడండి.

నాకు వచ్చిన ఫొటోలో చంద్రుడున్నాడు, నీళ్ళున్నాయి. ఏదో ఫ్లాప్ సినిమా పోస్టర్‌లా ఉంది. శామ్ చూసి "షార్ప్‌గా ఉందిరా" అన్నాడు. బాగుంది అనలేదు. ఇన్నేళ్ళలో నా ఫొటో చూసి ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. వాడి నోట ఆ ఒక్క మాట వినాలనే ప్రతి సీజన్‌కీ వాడి వెనక కొండలెక్కాను.

ఇక వినను.

ఈ పొద్దున వాళ్ళింట్లో ప్రార్థన అయ్యాక వాళ్ళావిడ సునీత నా పక్కకొచ్చి కూర్చుంది.

"ఆ వెన్నెల ఫొటోని ఎవరు మెచ్చుకున్నా మీ పేరే చెప్పేవారు అన్నయ్యా. 'నాదేముందండీ, మా యాదిగాడు కదలకుండా నిలబడ్డాడు, వాడి స్టిల్ బాగుంది' అనేవారు."

బాగుంది అన్నాడట. ఊరందరికీ చెప్పాడట. నాకు చెప్పడానికి ఏం రోగం రా నీకు?

మధ్యాహ్నం సమాధి చేసి వచ్చాం. ఇంట్లో వాడి బ్యాగ్ కుర్చీ మీద అలాగే ఉంది. స్టిక్కర్ నా వైపే.

ఇన్నేళ్ళూ నువ్వు వద్దంటున్నా నిన్ను చూసి ఏడుస్తూనే ఉన్నాను శామూ. ఇవాళ కూడా నీ మాట వినలేదు.

పెట్టెలో నిన్ను చూశాను. నీకెవరూ "స్టిల్" చెప్పలేదు. అయినా ఎంత బాగా ఉన్నావురా.

పౌర్ణమికి నేనొక్కడినే వెళ్తాను. చంద్రుడికి వీపు పెట్టే నిలబడతాను.

నువ్వు ఇక కదలకు. ప్రభువు దగ్గర హాయిగా పడుకో.